తప్పు బోర్డుది కాదు, జ్ఞానమ్మది అంతకన్నా కాదు

2003లో తమిళనాడులోని కోవిల్‌పట్టి బస్టాండు వెనక నాకొక చిన్న సర్వీస్ షాపు ఉండేది. మిక్సీలు, గ్రైండర్లతో మొదలుపెట్టి, అప్పటికి ఐదేళ్లుగా వాషింగ్ మెషీన్లు చూస్తున్నాను. ఫుల్లీ ఆటోమేటిక్ మెషీన్ విప్పి ధైర్యంగా చెయ్యి పెట్టే మెకానిక్కులు మా వైపు అప్పట్లో తక్కువ. టూల్ బ్యాగు పట్టుకుని సాత్తూరు, విరుదునగరు దాకా బస్సులో తిరిగేవాణ్ణి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబం మాది. మాలాంటి ఇళ్లవాళ్లు "మన అబ్బోడే" అంటూ వెతుక్కుని మరీ నాకు ఫోన్ చేసేవారు.

అట్లా విరుదునగరులో పప్పుల వ్యాపారం చేసే ఒక ఇంటి నుంచి పిలుపు వచ్చింది. ఇంటావిడ పేరు రాజమ్మ. మెషీన్ కొని ఏడాది కూడా కాలేదు. నేను వెళ్లేసరికి వెనక వరండా అంతా తడి. మెషీన్ మీద లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగి ఆరుతున్నాయి. ఏ బటన్ నొక్కినా పలకడం లేదు. పక్కనే తడిగుడ్డ పట్టుకుని పనిమనిషి జ్ఞానమ్మ నిలబడి ఉంది. నలభై అయిదేళ్లుంటాయి. ఆ ఇంట్లో బట్టల పని మొత్తం ఆమెదే.

"తమ్ముడూ, నీళ్లు నిలవనే లేదు. తొట్టి నిండె, పొర్లె, కిందంతా వచ్చె. అప్పటికీ పడతానే ఉండె," అంది.

నేను తల ఊపాను గానీ ఆమె మాట చెవికెక్కించుకోలేదు. అప్పటికే ప్యానెల్ విప్పడం మొదలుపెట్టాను. లోపల నాలుగు నీటి చుక్కలు కనిపించాయి. నాకు అంతే చాలు.

"పిసిబి పోయిందమ్మా," అన్నాను రాజమ్మతో. పిసిబి అంటే మోటారు ఎప్పుడు తిరగాలో, నీళ్లు ఎప్పుడు రావాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే బోర్డు. "ఎవరో పైన నీళ్లు పోసి తుడిచినట్టున్నారు. లోపలికి దిగాయి. మదురై నుంచి కొత్త బోర్డు తెప్పించాలి."

ఆ ఇంట్లో మెషీన్ ముట్టుకునేది ఒక్క మనిషి. ఆ సంగతి నాకు తోచలేదు.

బోర్డు రావడానికి పది రోజులు పట్టింది. తీసుకుని వెళితే జ్ఞానమ్మ కనిపించలేదు. అడిగాను.

"పంపించేస్తిని," అంది రాజమ్మ. "నీళ్లు పోసి చెడగొట్టితివా అని వాకిట్లో నిలబెట్టి అడిగితే, లేదు లేదు అని ఒకటే వాదన. చుట్టుపక్కల వాళ్లంతా చూస్తా ఉండిరి. చేసిందే కాక అబద్ధం వేరే. పొమ్మంటిని."

నిజం చెప్పాలంటే అప్పుడు కూడా నాకు పెద్దగా ఏమీ అనిపించలేదు. కొత్త బోర్డు బిగించాను. డబ్బాలో మడత పెట్టిన ఒక సర్వీస్ కాగితం ఉంటే విప్పకుండానే పక్కన పడేశాను. మెషీన్ ఆన్ చేశాను. నీళ్లు పడటం మొదలైంది. సగానికి వచ్చాయి, ఆగలేదు. పైదాకా వచ్చాయి, ఆగలేదు. పొర్లి నా చెప్పులు తడిశాయి. లైట్లన్నీ మళ్లీ ఒక్కసారిగా వెలిగి ఆరడం మొదలుపెట్టాయి.

తొట్టి నిండె, పొర్లె, అప్పటికీ పడతానే ఉండె. జ్ఞానమ్మ చెప్పింది అక్షరాలా ఇదే.

కుళాయి కట్టేసి, నేల మీద కూర్చుని ఆ కాగితం విప్పాను. ఆ మోడల్‌లో టెస్ట్ మోడ్ ఉందని అందులో ఉంది. అంటే బట్టలతో పని లేకుండా మెషీన్‌లోని ఒక్కొక్క భాగాన్నీ విడిగా నడిపించి చూసే దారి. వాడేవాళ్లకి ఇచ్చే పుస్తకంలో అది ఉండదు. పవర్ ఆపి, రెండు బటన్లు కలిపి నొక్కి పట్టుకుని మళ్లీ పవర్ ఇవ్వాలి. లైట్లన్నీ ఒకసారి మెరిస్తే లోపలికి వెళ్లినట్టు. ఆ తర్వాత స్టార్ట్ నొక్కిన ప్రతిసారీ ఒక భాగం పనిచేస్తుంది.

మొదటిసారి వేళ్లు జారాయి. రెండోసారి లైట్లు మెరిశాయి. స్టార్ట్ నొక్కాను, నీటి వాల్వు తెరుచుకుంది. మళ్లీ నొక్కితే మోటారు కుడికి తిరిగింది, మళ్లీ నొక్కితే ఎడమకి. తర్వాతిది నీటి మట్టం. తొట్టిలో ఎన్ని నీళ్లుంటే అన్ని లైట్లు వెలగాలి. తొట్టి నిండా నీళ్లున్నాయి. ఒక్క లైటూ వెలగలేదు.

నీళ్లున్నాయని మెషీన్‌కి తెలియడం లేదు. ఎంతసేపైనా తొట్టి నిండలేదనుకుని లైట్లన్నీ వెలిగించి ఆర్పుతోంది. తొట్టి అడుగు నుంచి ప్రెషర్ స్విచ్‌కి ఒక సన్నటి ట్యూబు వెళుతుంది. నీళ్లు పెరిగేకొద్దీ అందులోని గాలి నొక్కుకుని, ఎంత నిండిందో స్విచ్‌కి చెబుతుంది. నీళ్లు తోడేసి మెషీన్ పక్కకి వంచి చూస్తే, ట్యూబు మీద ఎలుక పళ్ల గాట్లు. గాలి అక్కడే పోతోంది. ప్యానెల్ లోపల నేను చూసిన చుక్కలు పొర్లిన నీళ్లవే.

బ్యాగులో ఉన్న కొత్త ట్యూబు వేశాను. అంతటితో ఊరుకోకుండా కొత్త బోర్డు తీసేసి పాతదే బిగించాను. టెస్ట్ మోడ్‌లో నీళ్లు నిండేకొద్దీ లైట్లు ఒకటి తర్వాత ఒకటి వెలిగాయి. పాత బోర్డు మొదటి నుంచీ బాగానే ఉంది.

రాజమ్మని పిలిచి అంతా చూపించాను. "నేను తప్పు చెప్పానమ్మా. జ్ఞానమ్మ ఏమీ చెయ్యలేదు."

ఆమె ఆ ట్యూబు తీసుకుని పళ్ల గాట్లు వేలితో తడిమి చూసింది. "నువ్వు చెప్పబట్టే కదరా నేను ఆ మాటలన్నీ అంటిని," అంది. జ్ఞానమ్మని వెతికి, మళ్లీ పనికి రమ్మని నన్నే చెప్పమంది.

జ్ఞానమ్మ కోవిల్‌పట్టిలోనే, తన అక్క ఇంట్లో ఉందని తెలిసింది. మళ్లీ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో చేరింది. ఒకప్పుడు ఆ అగ్గిపుల్లల మందు వాసనకి దగ్గు పట్టుకుంటేనే ఆ పని మానేసి విరుదునగరు వెళ్లిందట. మధ్యాహ్నం భోజనాల వేళ గేటు దగ్గర కలిశాను. దగ్గుతూనే వచ్చింది. జరిగిందంతా చెప్పి, "నాదే తప్పక్కా," అన్నాను.

"అంటే రెండు బటన్లు నొక్కితే అది నిజం చెప్పెనా?"

"చెప్పిందక్కా."

"నేను ఏ బటనూ నొక్కకనే చెప్తిని కదా తమ్ముడూ. అదీ నీతోనే."

"విననిది నేనే అక్కా," అన్నాను.

"రాజమ్మక్క రమ్మంటుందా?"

"రమ్మంటోంది."

"వస్తాను. అయితే ఊరికే రాను. వాకిట్లో పదిమంది ముందర నన్ను అనిరి. ఆ పదిమందికీ తెలియవల."

ఆదివారం రాజమ్మే పక్కిళ్ల వాళ్లని పిలిచింది. ఎలుక కొరికిన ట్యూబు నేను మళ్లీ తగిలించి, టెస్ట్ మోడ్‌లో చూపించాను. తొట్టి నిండా నీళ్లు, లైట్లు లేవు. తర్వాత మంచి ట్యూబు పెట్టి, "నువ్వు నొక్కక్కా," అన్నాను. జ్ఞానమ్మ చీర కొంగుతో వేలు తుడుచుకుని స్టార్ట్ నొక్కింది. లైట్లు వరసగా వెలిగాయి. తప్పు చెప్పింది నేనని అందరి ముందూ నా నోటితోనే చెప్పాను. రాజమ్మ ముందుకొచ్చి, "అనరాని మాటలు అంటిని. మనసులో పెట్టుకోవద్దు జ్ఞానమ్మా," అని ఆమె చెయ్యి పట్టుకుంది. "శరి అక్కా," అంది జ్ఞానమ్మ. మర్నాడు పనిలోకి వచ్చింది.

ఆ తర్వాత చాలా మోడళ్ల టెస్ట్ మోడ్‌లు నేర్చుకున్నాను. ఏ బటన్లు కలిపి నొక్కాలో ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. ఈ ప్రాంతంలో ఏ మెషీన్ అయినా పావుగంటలో జబ్బు చెప్పగలనన్న పేరు వచ్చింది. ఆ పేరు నాకు తగినదే అనుకుంటాను. అయినా ఏ ఇంటికి వెళ్లినా బ్యాగు తెరవకముందే, రోజూ ఈ మెషీన్‌లో బట్టలు వేసేదెవరో పిలవమంటాను. వాళ్లు చెప్పడం అయ్యేదాకా స్క్రూడ్రైవర్ ముట్టుకోను. ఏది చెడిందో చెప్పడం నా పని. దాన్ని ఎవరు చెడగొట్టారన్న మాట మాత్రం మళ్లీ నా నోట రాలేదు.