అమ్మ వెనక వినిపించిన పిలుపు

దెయ్యాలంటే నవ్వి ఊరుకునే మనిషిని నేను. ఇది చెప్పాక కూడా అంతే. కానీ రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, పట్నంలోని బార్కస్‌లో మా అమ్మకు జరిగినదాన్ని పక్కనే ఉండి చూశాను.

మాది ఉప్పుగూడ. అమ్మ బర్రెలను సాకి, పొద్దున్నే ఉర్దూ మాట్లాడే బార్కస్ ఇళ్లలో పాలు పోసేది. ఆమె మెడ మీద గడ్డ జామకాయంత పెరిగింది. బరువు మోస్తే ఆయాసం వచ్చేది. అందుకే పాలబిందె నేను ఎత్తుకునేదాన్ని. అప్పటికి నాకు ఇరవై ఏళ్లు.

దవాఖానాలో డాక్టరు ఆపరేషన్ చేయాలన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. మా అమ్మమ్మ అలాంటి గడ్డతోనే గొంతు బొంగురుపోయి, మాట పోగొట్టుకుని, చివరికి ఆపరేషన్ బల్ల మీదే కన్నుమూసింది.

"సస్తే ఇంట్లనే సస్త సారూ. కోయించుకోను" అంది అమ్మ.

ఆయన కోప్పడలేదు. అయోడిన్ చుక్కలు రాసిచ్చి, నెలనెలా టేపుతో మెడ కొలిచేవాడు. "ఇంత పెద్ద గడ్డ చుక్కలకు కరుగుతదని చెప్పలేను. పెరగకుంటే చాలు" అన్నాడు.

మేం పాలు పోసే ఒక ఇంట్లో చూపులేని ముసలామె ఉండేది. అమ్మ ఆమెను పిన్ని వరస కలిపి ఖాలా అనేది. ఒక పొద్దున ఆమె అడిగింది: "తేరే పీఛే కౌన్ హై, బేటీ?"

వెనక ఉన్నది నేనేనని అమ్మ చెప్పింది. ఖాలా తల అడ్డంగా ఊపింది. నేను కాదట, ఇంకొకామె ఎవరో పిలుస్తోందట. ఖాలాకు తెలుగు ముక్క రాదు. అయినా విన్నది విన్నట్టే రాగం తీసి పలికింది.

"పాలమ్మా... పట్టుకపోన్రమ్మా..."

అమ్మ పావుసేరు గిన్నె కింద పెట్టేసి వెనక్కి తిరిగి చూసింది. అది అమ్మమ్మ పిలుపు. ఆమె పాలమ్మింది మెదక్ దిక్కు పల్లెలో. పట్నం ముఖమే చూడలేదు. అమ్మేమో బార్కస్‌లో ఎప్పుడూ "దూద్" అనే పిలిచేది. నాకైతే ఏమీ వినిపించలేదు.

మూడు నెలలు ఖాలా ఆ గొంతు వింటూనే ఉంది. ఒకనాడు మాత్రం, ఇవాళ ఆమె రాలేదంది.

ఆ వారమే డాక్టరు టేపు రెండుసార్లు చుట్టి చూశాడు. గడ్డ సగానికి తగ్గింది.

అమ్మ దవాఖానా నుంచి ఇంటికి రాలేదు. నేరుగా ఖాలా దగ్గరికి నడిచింది. గడ్డ మాటే ఎత్తకుండా, ఆ గొంతు ఎలా ఉండేదని అడిగింది. బొంగురుగా ఉండేదా అని.

"నై బేటీ, సాఫ్ థీ. జవాన్ ఆవాజ్" అంది ఖాలా.

తేటగా ఉండేదట. పడుచు గొంతట. అమ్మ గడప మీద కూలబడి, ఏడుస్తూనే నవ్వింది.

గడ్డ చుక్కలకే తగ్గిందేమో. ఆ తెలుగు మాటలు ఖాలాకు ఎక్కడివో మాత్రం నాకు ఈనాటికీ అంతుపట్టలేదు.