రెక్కల గుడ్డ

ఆ దొర మా ఇంటికి వచ్చినప్పుడు, ఎవరూ గుర్తుపట్టకుండా తలకు తువాల చుట్టుకొని సిరిసిల్ల బస్టాండు నుంచి నడిచి వచ్చాడు. కోరుట్ల దగ్గరి ఊళ్లో కోటలాంటి గడి ఉన్న మనిషి. అన్నలు, అంటే నక్సలైట్లు, రెండోసారి హెచ్చరించాక గడికి తాళం వేసి హైదరాబాదు చేరాడు. మా తాత కాలం నుంచీ వాళ్లింటి ధోవతులు మా మగ్గం మీదివే. ఆ పరిచయంతోనే వచ్చి, మగ్గం పక్కన పీట మీద కూర్చొని అన్నాడు:

"విమానం రెక్కలకు గుడ్డ గావాలె."

మా బాపు నవ్వాడు. "ఇమానానికి గుడ్డేంది దొరా? రేకులుంటయి గాని."

హైదరాబాదు బయట ఫ్లయింగ్ క్లబ్బు ఒకటుందనీ, అక్కడ తనకూ ఇంకో ఇద్దరు స్నేహితులకూ కలిపి ఒక పాత విమానం ఉందనీ దొర చెప్పాడు. ఇద్దరు కూర్చునేంత చిన్నది. దాని రెక్కలు చెక్క బద్దలట. వాటి మీద నూలుగుడ్డ బిగించి ఏదో రసాయనం పూస్తే డప్పు తోలులా గట్టిపడుతుందట. ఆ గుడ్డ ఇప్పుడు చీకిపోయింది.

బాపు నమ్మక నావైపు చూశాడు. నేను తలుపు వెనక నూలు కండెలు చుడుతున్నాను. లైబ్రరీలో ఒక పుస్తకంలో పాతకాలపు విమానాల బొమ్మలు చూసి ఉన్నాను.

"నిజమే బాపూ" అన్నాను. కొత్తవాళ్ల ముందు నా గొంతు లేవడం అరుదు.

"నీ బిడ్డ సదువుకున్నది" అని దొర మెచ్చుకున్నాడు. "క్లబ్బుల ఇసొంటి గుడ్డ రెక్కలవి ఇంకా ఉన్నయి. ఒక్కసారి నీ గుడ్డ ఎగిరిందనుకో, అందరికీ నువ్వే నెయ్యాలె. నేనే నిలబడి చెప్త."

ఆ మాటే మాకు కావలసింది. మా వాడ నిండా సాంచాలు వచ్చాయి. కరెంటు మగ్గాలను మేము అలాగే అంటాం. వాటి చప్పుడులో బాపు చేతిమగ్గం వినబడేదే కాదు. బాపు కూడా సాంచాల మీద కూలికి పోవాలా, తన మగ్గం మీదే కూర్చోవాలా అన్నది ఇక ఆ గుడ్డ మీద పడింది.

అమ్మ భయపడింది. "దొరకు నేసినవని అన్నలకు తెలిస్తే?"

"ఇన్నేండ్లు గాయన పంచెలు నెయ్యలేదా?"

"అప్పుడు గాయన గడిల ఉండె. ఇప్పుడు పారిపోయినోడాయె."

"ఎవలన్న అడిగితే గుడారం గుడ్డ అని చెప్పు" అన్నాడు బాపు.

అలా దాచుకొనే నేశాడు. పోగు తెగితే నన్ను పిలిచేవాడు. ఆయన చూపు అప్పటికే మందగించింది.

రెక్కలకు గుడ్డ ఎక్కించామని, వచ్చి చూడమని దొర దగ్గర్నుంచి కబురొచ్చింది. నేను మంచి ఓణీ వేసుకున్నాను. బస్సులో దారంతా బాపు మాట్లాడలేదు. సంతోషం ఎక్కువై అనుకున్నాను.

క్లబ్బులో రేకుల షెడ్డు ముందు విమానాల యజమానులు నలుగురైదుగురు ఉన్నారు. కొత్తగా కొన్న కోడెను తట్టినట్టు ఎవరి విమానాన్ని వాళ్లు తట్టి చూసుకుంటున్నారు. మా గుడ్డ మీద పసుపు రంగు మెరుస్తోంది. నల్లకళ్లద్దాలాయన ఒకరు వచ్చి రెక్క మీద వేలితో కొట్టి విన్నాడు.

"క్యా బాత్ హై! ఎక్కడిది దొరవారూ ఈ గుడ్డ?"

దొర మా వైపు చూడనైనా లేదు. "ఇంగ్లండుది. బొంబాయి నుంచి తెప్పించిన."

"నాకూ తెప్పియ్యరాదు? మరి వీళ్లెవరు?"

"మా దిక్కోళ్లు. విమానం జూస్తమంటే రమ్మన్న."

"ఏం పెద్దాయనా, ఎక్కుతవా? పైకెళ్లి చూస్తే మీ ఇల్లు కనవడ్తది!"

అందరూ నవ్వారు. బాపు చేతులు జోడించి, వాళ్లతోపాటు తనూ నవ్వాడు. "నాకెందుకు సారూ, కిందున్నోన్ని కిందనే ఉండనియ్యుండ్రి."

బాపు ఇప్పుడు చెబుతాడు, ఇప్పుడు చెబుతాడు అని నేను చూస్తూనే ఉన్నాను. దొర నన్ను పిలిచాడు. "రా బిడ్డా, నువ్వెక్కు."

"నేనెక్క."

బాపు మోచేత్తో పొడిచాడు. "పో, పెద్దమనిషి పిలుస్తుండు."

నేను కదల్లేదు. నా బదులు ఆ నల్లకళ్లద్దాలాయన ఎక్కాడు.

తిరుగు బస్సులో అడిగాను. "నువ్వెందుకు చెప్పలే?"

"ఏమని?"

"నేసింది నువ్వని."

"చెప్తే రెక్కల మీదినుంచి పీకేయమంటరు. ఇంగ్లండు సీమగుడ్డకైతేనే ఇమానాలు తనిఖీ జేసే ఆఫీసరు ఒప్పుకుంటడట. దొర మొన్న కబురు తెచ్చినోనితోనే చెప్పి పంపిండు."

మొన్ననే. అంటే నేను ఓణీ ఉతికి ఆరేసినప్పుడే ఆయనకు తెలుసు. ఇక ఆర్డర్లు వస్తాయి, మగ్గం ఆగదు అని నేను అమ్మతో గొప్పగా చెబుతుంటే పక్కనే కూర్చొని విన్నాడు.

"మరి నన్నెందుకు తోల్కచ్చినవ్?"

బాపు కిటికీలోంచి చూస్తూ అన్నాడు. "ఎగురుతుంటే సూద్దామని. మనది గద."

దొర మాట తప్పడం నన్ను అంతగా కాల్చలేదు. దొరల మాటల గురించి మా వాడలో ఎవరినడిగినా చెబుతారు. బాపు వాళ్లతో కలిసి నవ్వాడే, ఆ నవ్వునే నేను మింగలేకపోయాను. సిద్దిపేట దాటినా, ఇల్లు చేరినా ఆయనతో మాట్లాడలేదు.

ఎండలు తగ్గకముందే బాపు సాంచాల కార్ఖానాకు పోవడం మొదలుపెట్టాడు. మొదటి రోజు టిఫిన్ డబ్బా పట్టుకొని, గడపలో ఆగి నాతో అన్నాడు. "మగ్గం మీద ఏదన్న కప్పు బిడ్డా, దుమ్ము వడ్తది."

సరేనన్నట్టు తలూపాను. ఆయన సందు మలుపు తిరిగేదాకా చూసి, లోపలికి వచ్చి కూర్చున్నాను. మగ్గం మీద ఏమీ కప్పలేదు.