రుచి చూడకుండా వండిన చాక్లెట్ పెద్దకూర

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ వంట నేను చేశానే గానీ తినలేదు. కాబట్టి దీని రుచి ఎలా ఉంటుందని నన్ను అడగకండి. ఎలా వండాలో, దానికోసం సికింద్రాబాద్‌లో ఎక్కడెక్కడికి వెళ్లాలో మాత్రం బాగా చెప్పగలను.

గురువారం పొద్దున లిల్లీ ఆంటీ ఫోన్ చేశారు. "ఐతారం నాటికి మీ అంకుల్ పోయి ఏడాది అయితది పద్మా. ఆ దినమే చర్చిల ప్రేమ విందు. నువ్వొస్తే సంతోషం బిడ్డా," అన్నారు. కుడి చెయ్యి మణికట్టు దగ్గర విరిగి కట్టులో ఉందన్న సంగతి నేను గుచ్చి గుచ్చి అడిగితే గానీ బయటికి రాలేదు.

పన్నెండేళ్ల కిందట నా మొదటి ఉద్యోగం సికింద్రాబాద్‌లో. మెట్టుగూడలో ఆంటీ వాళ్లింటి మేడమీది గదిలో రెండేళ్లు అద్దెకున్నాను. ఆంటీ భర్త విక్టర్ అంకుల్ రైల్వేలో గార్డు. వాళ్లకు పిల్లలు లేరు. మాది భీమవరం దగ్గర పల్లెటూరు, మా ఇంట్లో పెద్దకూర మాట కూడా ఎత్తరు. పెద్దకూర అంటే ఇక్కడ గేదె మాంసం. అది వండే రోజున ఆంటీ ముందుగా మెట్లెక్కి వచ్చి, "ఇయ్యాల మా ఇంట్ల పెద్దకూర. నీకు పప్పు వేరే గిన్నెల చేసిన," అని చెప్పి వెళ్లేవారు. నాకు కామెర్లు వచ్చినప్పుడు అమ్మ బయల్దేరి వచ్చేలోగా తొమ్మిది రోజులు గంజి కాచి పోసింది ఆవిడే. పెద్దకూర వాసనకు నాకు వాంతి వస్తుందని ఆ తొమ్మిది రోజులూ వాళ్లు ఇంట్లో మాంసమే వండుకోలేదట. ఆ సంగతి నాకు చాలాకాలం తర్వాత పక్కింటివాళ్లు చెప్పారు.

వాళ్ల చర్చిలో ప్రేమ విందుకు ఒక పద్ధతి ఉంది. ఇంటికో గిన్నె. ఆ ఇంటి పొయ్యి మీద ఆ ఇంటి మనిషి వండి తేవాలి. కొని తెచ్చింది, పక్కింటివాళ్లు చేసిచ్చింది లెక్కలోకి రాదు. అంకుల్ ముప్ఫై ఏళ్లుగా తన చేత్తో చాక్లెట్ వేసిన పెద్దకూర వండుకెళ్లేవారు. ఎప్పుడో చర్చికి వచ్చిన విదేశీ అతిథి దగ్గర నేర్చుకున్న వంట అది. రాజ్మా, ఎండుమిరపకాయలు, చివర్లో చేదు చాక్లెట్. ఆయన పోయాక వచ్చే మొదటి విందు ఇది. ఈసారి తనే వండాలనుకున్న ఆంటీకి చెయ్యి విరిగింది, ఇక గిన్నె లేదు.

"ఖాళీ చేతుల పోత, ఏం జేస్త," అన్నారు ఆంటీ.

"నేను వండుతానండి."

"ఇంటి మనిషే వండాలె గద బిడ్డా."

"మరి నేనెవర్ని?"

"శనివారం రాత్రి రాజ్మా నానబెడత," అన్నారు ఆంటీ.

ఆ తర్వాత అమ్మకు చెప్పాలి. రెండు గంటలు ధైర్యం కూడగట్టుకుని చెప్పాను. "తినాలని లేకపోతే తినకు. వండిపెట్టడానికేం? నువ్వు పచ్చగా పడున్నప్పుడు వాళ్లు చూసుకోలేదూ?" అంది. నేను ఫోన్ పట్టుకుని ఏడ్చేశాను. మా అమ్మ ఇంత మాట అంటుందని నేను అనుకోలేదు.

ఇప్పుడు నేనుండే విజయవాడ నుంచి శనివారం రాత్రి బండికి స్లీపర్ టికెట్ రెండువందల యాభై లోపే. ఆదివారం పొద్దున ఆరింటికల్లా సికింద్రాబాద్ స్టేషన్లో దిగాను. ఆదివారం మెట్రో కాస్త ఆలస్యంగా మొదలవుతుంది, పైగా నాకు మధ్యలో రెండు దుకాణాల పని ఉంది. అందుకని రాంగోపాల్‌పేట్ వెళ్లి అక్కడి నుంచి మెట్టుగూడకు రావడానికి రెండువందల ఎనభైకి ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవర్ పేరు యాదగిరి. పెద్దకూర దుకాణం ముందు ఆపమనగానే అద్దంలో నన్ను ఎగాదిగా చూశాడు.

"మీరు తింటరా మేడం?"

"తినను. వండాలి."

"తినకుంట వండుడేందీ?"

నేను మొత్తం కథ చెప్పాను. దారంతా మాట్లాడే మనిషి, ఒక్క మాట అడ్డు రాకుండా విన్నాడు. "జెర ఆగుండ్రి. మీరడిగితే ముసలి బర్రెది అంటగడ్తడు. నేను మాట్లాడ్త," అని నాకంటే ముందే దుకాణంలోకి నడిచాడు. కిలో మూడువందల ఇరవై చొప్పున మూడు కిలోలు, ఎముక లేకుండా, కొవ్వు కొంచెం ఉంచి, ఉసిరికాయంత ముక్కలు కొట్టించాడు. నేను గుమ్మం దగ్గరే నిలబడి ఎదురుగా ఉన్న గోడను శ్రద్ధగా చూశాను. ఈ మాట చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. సంచీ చేతికిచ్చేటప్పుడు అది ఇంకా గోరువెచ్చగా ఉంది. అక్కడే ఒక నిమిషం తటపటాయించాను. వెనక్కి వెళ్లే ఆలోచన మాత్రం రాలేదు.

కేకుల సామాన్లు అమ్మే దుకాణం అదే పేటలో, సందు లోపల. ఏడింటికే సగం షట్టర్ ఎత్తి ఉంటుంది. చక్కెర బాగా తక్కువున్న నల్ల చాక్లెట్ అడిగితే ఓనర్ పావుకిలో కోసిచ్చి, "కేకుకా?" అన్నాడు. కూరకన్నాను. "గార్డు సాబ్ కూర లెక్కనా?" అని అడిగాడు. అంకుల్ ఏటా ఇక్కడే కొనేవారట. పోయారని అతనికి తెలియదు. చెప్తే, పావుకిలోకు ఇంకో ముక్క జోడించి పొట్లం కట్టాడు. దాని డబ్బు తీసుకోలేదు.

మెట్టుగూడ చేరేసరికి ఏడున్నర. ఆంటీ సన్నబడ్డారు. నా బుగ్గ మీద ఎడమ చేత్తో తట్టి, వంటింట్లోకి తీసుకెళ్లి, తను పీట మీద కూర్చుని చెప్పడం షురూ చేశారు. ముందు బ్యాడిగి మిరపకాయలు. పాతిక కాయలు తొడిమలు తీసి, గింజలు దులిపి, వేడినీళ్లలో అరగంట నానబెట్టి రుబ్బాలి. రంగు ఎక్కువ, కారం తక్కువ. మా గుంటూరు కాయలు వేస్తే ఇక చాక్లెట్ ఉన్నా లేనట్టే. పెద్ద గిన్నెలో నూనె వేడెక్కాక మాంసం కొంచెం కొంచెంగా వేసి, నాలుగు పక్కలా ఎర్రబడేదాకా వేయించి తీయాలి. ఒకేసారి కుమ్మరిస్తే నీరు ఊరి ఉడికిపోతుంది. అదే నూనెలో ఉల్లిపాయలు, వెల్లుల్లి, వేయించి కొట్టిన జీలకర్ర, దాల్చినచెక్క, ఆ తర్వాత మిరప ముద్ద, కిలోన్నర టమాటా. మాంసం మళ్లీ వేసి, మునిగేదాకా నీళ్లు పోసి, సన్నమంట మీద రెండున్నర గంటలు. రాజ్మా విడిగా ఉడికించి దించడానికి గంట ముందు కలపాలి.

చిక్కు ఉప్పు దగ్గర వచ్చింది. నేను తినను. ఆంటీని రుచి చూడమన్నాను.

"ప్రార్థన కాకముందు గిన్నెల చెంచా పెట్టం బిడ్డా. ఎవ్వరం పెట్టం."

"మరి అంకుల్ ఎలా వేసేవారు?"

"అందాజకే. ఆయన సుత రుచి చూడకపోయేటోడు."

నాకు నవ్వొచ్చింది. మా అమ్మ పండగ పూట నైవేద్యానికి వండేటప్పుడు ఒక్క మెతుకు నోట పెట్టదు. పులిహోరలో ఉప్పు కంటితోనే చూస్తుంది. పక్కన నిలబడి నేర్చుకున్నదాన్నే కదా నేను. అమ్మ పద్ధతిలో ఉప్పు మూడుసార్లుగా వేయాలి, అరచేతి గుంటతో కొలుచుకోవాలి, ఎన్ని గుంటలు వేశామో గోడ మీద బొగ్గుతో గీత పెట్టుకోవాలి. ఆంటీ గోడ పాడుచేయలేక కాగితం మీద గీతలు పెట్టుకున్నాను. ఎనిమిదింబావుకు ఒకటి, పదింటికి ఒకటి, రాజ్మా కలిపాక ఒకటి. ఆంటీ ఆ కాగితాన్ని వింతగా చూశారు.

పదకొండుంబావుకు మంట బాగా తగ్గించి, తురిమిన చాక్లెట్ వేశాను. పులుసు ఇటుకరంగు నుంచి నల్లగా, నిగనిగలాడుతూ చిక్కబడింది. ఆ వాసన కూరదీ కాదు, మిఠాయిదీ కాదు. ఆంటీ కళ్లు మూసుకుని, "మీ అంకుల్ గిప్పుడే పాట ఎత్తుకునేటోడు," అన్నారు.

పన్నెండున్నరకు ఇద్దరం ఆటోలో గిన్నెను కాళ్ల మధ్య పెట్టుకుని చర్చికి వెళ్లాం. బల్ల దగ్గర పెద్దాయన ఒకరు, "ఎవరొండిండ్రు లిల్లీ?" అని అడిగారు. "మా పద్మ," అన్నారు ఆంటీ. ఆయన గిన్నెలు జరిపి మధ్యలో చోటు చేశారు. అక్కడికి నా పని అయిపోయిందనుకున్నాను.

ప్రార్థన ముగిశాక ఆంటీ మూత తీసి, ఎడమ చేత్తో ఒక చెంచా నోట్లో పెట్టుకున్నారు. నమిలారు. ముఖం వాడిపోయింది.

"ఉప్పు తక్కువైందా ఆంటీ?"

"లే బిడ్డా. సరిగ్గ పడ్డది." కళ్లు తుడుచుకున్నారు. "మస్తుగుంది. కాని ఆయనది ఎన్నడు గింత సరిగ్గ లేకుండె."

అప్పుడు చెప్పారు. అంకుల్ పాటలో పడి వేసిన ఉప్పు మర్చిపోయి మళ్లీ వేసేవారట. ముప్ఫై ఏళ్లూ అంతే. జనం ఆటపట్టించేవారు, నీళ్లు తాగేవారు, మళ్లీ వడ్డించుకునేవారు. తొలి ముద్దలో ఆయన ఉంటారని ఆంటీ ఏడాదిగా కాచుకుని ఉన్నారు. నా కాగితం మీది గీతలు ఆయన్ని తుడిచేశాయి.

"జెర ఉప్పు డబ్బా ఇటియ్యి," అన్నారు. ఒక గుప్పెడు తీసి వేశారు. నేను కలిపాను. అంత జాగ్రత్తగా వండిన కూర కళ్లముందే చెడుతుంటే వంటమనిషిగా నా ప్రాణం గిలగిలలాడింది. అయినా గరిటె అడుగుదాకా తిప్పాను.

అంకుల్‌తో పాటు గార్డుగా చేసిన దానియేలు గారు మొదటి పళ్లెం పట్టారు. ఒక ముద్ద తిని ఆగిపోయారు. లేచి మంచినీళ్ల కుండ దగ్గరికి నడిచి, రెండు గ్లాసులు నీళ్లు తాగి, అటే తిరిగి చాలాసేపు నిలబడ్డారు. తర్వాత వచ్చి పళ్లెం చాపారు. "ఇంక జెర ఎయ్యి లిల్లీ."

ఆంటీ నవ్వుతూ ఏడుస్తూ వడ్డించారు. నాకు ఎవరో అన్నం, పప్పుచారు తెచ్చిపెట్టారు. మూడింటికల్లా గిన్నె అడుగు కనిపించింది. సాయంత్రం బండి ఎక్కేదాకా ఆంటీ నా చెయ్యి వదల్లేదు. గంజి పోసిన చేతికి ఒక పూట వంట చేసిపెట్టే అవకాశం అందరికీ దొరకదు. నాకు దొరికింది. అందుకు ఆవిడకూ, మా అమ్మకూ, ముందు నడిచిన యాదగిరికీ, ఆ చాక్లెట్ దుకాణం ఆయనకూ దణ్ణం పెట్టుకుంటున్నాను. మీలో ఎవరైనా పోయినవాళ్ల చేతివంట నేర్చుకోవడానికి ఏ ఊరైనా వెళ్తుంటే ఒక్క సలహా. ఏమేం వేసేవారని అడిగేముందు, ఏది పాడుచేసేవారో అడగండి.