రెండు వేళ్ల మడత

నేను బట్టలు కుడత. దిల్‌సుఖ్‌నగర్‌ల బస్ డిపో ఎనక గల్లీల మా ఇంటి ముందటి అర్రనే నా దుకాణం. జాకెట్లు, చీరలకు ఫాల్స్, బడులు తెరిచే టైంకు యూనిఫాంలు, ఇరవై ఏండ్ల సంది గిదే పని. మాది నల్గొండ దిక్కు, నీళ్ల ట్యాంకర్ ఒచ్చిందంటే బిందెలు పట్టుకొని ఉరికే ఊరు. ఈత రాదు, పడవ ఎక్కింది లేదు. గసుంటి నా ఇంట్ల ఆదివారం తెల్లారిందంటే గాలి ఎటుదిక్కు నుంచి కొడుతుందనే ముచ్చట తప్ప ఇంకోటి ఉండదు. తప్పంత మీది అర్రల కిరాయికుండే సార్‌ది.

సార్ కాకినాడ ఆయన. ఈడ కోచింగ్ సెంటర్ల లెక్కలు చెప్పి చెప్పి రిటైర్ అయిండు. ఒక్కడే మనిషి. కిరాయి అడగకముందే ఇస్తడు, గట్టిగ మాట్లాడడు, మెట్ల మీద చెప్పుల చప్పుడు గూడ రానియ్యడు. ఆదివారం మాత్రం మొదటి మెట్రో పట్టుకొని ఖైరతాబాద్‌ల దిగి ఊరి నడుమ సాగర్ చెరువు కాడికి పోతడు. ఆడ చిన్న చిన్న పడవలు, ఒక్కొక్కల్లు నడిపేటియి. ఇంజన్ ఉండదు, తెడ్డు ఉండదు, ఒక్క తెరచాప మీదనే ఉరుకుతయి. వాళ్లందరు దాన్ని సెయిల్ అంటరు, ఇగ నేను గూడ గట్లనే అంట.

మొదట్ల నాకు ఇదేం ఆటనో అర్థం కాకపోయేది. సార్ ఒకసారి నా మిషన్ పక్కన నిలబడి ఓపికగ చెప్పిండు. పడవలన్ని ఒక్క తీరే ఉంటయంట. ఒక్కటే అచ్చు, ఒక్కటే పొడుగు, ఒక్కటే బరువు, సెయిల్ గూడ ఒక్కటే కొలత. ఇంచు ఎక్కువ తక్కువ ఉండొద్దు. పైసలున్నోడు మంచి పడవ కొనుక్కొని గెల్చుడు గీ ఆటల నడవదు. ఎవ్వలు గెలిచిన చేతులతోటి, బుర్రతోటి గెలవాల్సిందే. అంటే యూనిఫాం అన్నట్టు, అన్న నేను. సార్ మస్తు ఖుషీ అయిండు. తర్వాత ఎవ్వలకు చెప్పిన గదే మాట చెప్పేటోడు, ఇది మా కింది టైలరమ్మ మాట అని.

మోకాలు నొప్పితోటి ఆయన పడవ ఎక్కుడు బంద్ చేసి చాన ఏండ్లయింది. ఆయనకు రెండు పన్లు మిగిలినయి. ఒకటి కొలతలు కొల్చుడు. పందెం ముందట ప్రతి సెయిల్ పరిచి, టేపు పెట్టి చూసి, సరిగ్గుంటే మూలకు ముద్ర ఏస్తడు. ఆ ముద్ర లేంది నీళ్లల్లకు దిగనియ్యరు. రెండోది వార్తలు రాసుడు. సోమవారం పొద్దున వాళ్ల పడవల క్లబ్బోళ్ల ఫోన్ గ్రూపుల పెద్ద మెసేజ్ ఒస్తది. ఎవ్వలు గెలిచిన్రు, ఎవ్వల పడవ బోర్లపడ్డది, ఎవ్వల చెప్పు నీళ్లల్ల కొట్టకపోయింది, గాలి ఏ మూలకు మోసం చేసింది, అన్ని ఉంటయి. నన్ను గూడ ఆ గ్రూపుల ఏసిండు. నేను గుండీలు కుట్టుకుంట చదివి నవ్వుకునేదాన్ని. ఎవ్వల మీద ఒక్క పుల్లవిరుపు మాట ఉండకపోయేది. గట్ల రాసుడు నాతోటైతే కాదు, నాకు నోరు ఆగదు.

నా బిడ్డను పదకొండో ఏట ఆయనే తోల్కపోయిండు. నేను అడ్డం పడ్డ. ఆడపిల్ల, నల్లగైతది, మునుగుతది అన్న. బస్సు నడిపే మా ఆయన ఏమన్నడంటే, నేను రోజు అరవై మందిని ఎక్కించుకొని తిరుగుత, అది ఒక్కతే తిరిగితె నీకేం బాధనే అన్నడు. మొదటిసారి కట్ట మీద నిలబడి చూసిన రోజు నాకింక యాదికున్నది. పడవ ఒక పక్కకు ఒరిగింది, మునిగిందని నేను మొత్తుకున్న. ఇదేమో కాళ్లు లోపలి పట్టీల ఇరికించి, నడుమంత బయటకు పడేసి, వీపు నీళ్లకు ఆనేటట్టు ఎల్లెలుకల పండుకున్నది. పడవ మళ్ల నిలబడ్డది. దాని మొఖంల భయం అనేది లేకుండె. నేను కన్నది దీన్నేనా అనిపించింది.

గట్ల ఏడేండ్లు. పద్దెనిమిది నిండినంక చిన్నోళ్ల పందేలకు పనికిరారు. అంటే నిరుడే దానికి ఆఖరి ఏడు. మన రాష్ట్రం నుంచి నలుగురిని దేశం పందేలకు పంపిస్తరు, అవి సముద్రం మీద అయితయి. ఒక ఏడు జరం ఒచ్చి పోలే, ఇంకో ఏడు ఐదోదై ఆగిపోయింది. అది సముద్రం చూడలే. సాగర్ నీళ్ల వాసనల పెరిగిన పిల్ల, ఉప్పు నీళ్ల అలల మీద పడవ ఎట్ల లేస్తదో ఫోన్ల చూసుకుంట కూసునేది. ఈసారి పోతది, తప్పక పోతదని అందరు అన్నరు. సార్ గూడ అన్నడు, ఆయన ఉత్తగ అనడు.

శని, ఆదివారాలు పోటీ. గురువారం పడవను నీళ్లల్లకు దించేటప్పుడు గట్టు మీది రేకు తట్టి సెయిల్ ఎనకటి అంచు పొడుగూత చిరిగింది. కొత్తది తెప్పియ్యాల్నంటే పది రోజులు. బిడ్డ దాన్ని మోసుకొచ్చి నా మిషన్ మీద పెట్టింది. కుడితె తప్పు లేదు, పాత సెయిల్ గుడ్డతోటి కుట్టొచ్చు, మళ్ల కొలత చూపియ్యాలె అంతే అన్నడు సార్. నేను శుక్రవారం పొద్దుగాల కూసున్న. ఆ గుడ్డ కాగితం లెక్క బిర్రుగుంటది, సూది జారుతది. రెండు సూదులు ఇరిగినయి. చిరిగిన ముక్క తీసేసి, కొత్త ముక్క అతికి, అంచు మడిచి రెండు వరుసలు కుట్టిన. మిట్టమధ్యాహ్నానికి అయిపోయింది. సార్ డాబా మీద పరిచి పొడుగు చూసిండు, అడ్డం చూసిండు, వెంట్రుకంత తేడా లేదు. కుట్టు చూసి ఎంత మురిసిండో. ముద్ర ఏసిండు.

శనివారం మూడు పందేలైనయి. మొదటిది ఫస్టు, రెండోది సెకండు, మూడోది మళ్ల ఫస్టు. నేను దుకాణం మూసేసి పోయిన, అరిచి అరిచి గొంతు పోయింది. సాయంత్రం ఇంటికొచ్చి చాయ తాగుకుంట బిడ్డ నన్ను పొగుడుడు షురూ చేసింది. గాలి ఎక్కువైతె సెయిల్ ఎనకటి అంచు పటపట కొట్టుకుంటది, గాలి జారిపోతది, ఇయ్యాల జరంత గూడ కొట్టుకోలే, పలక లెక్క నిలబడ్డది, నీ చెయ్యి మంచిదమ్మా అన్నది.

నేను మురుసుకుంటనే ఎందుకు నిలబడ్డదని అడిగిన. అడిగినంక నాకే జవాబు దొరికింది. చాయ గ్లాసు కింద పెట్టిన.

పిల్లల బట్టలు కుట్టేటోళ్లకు ఒక అలవాటు ఉంటది. గౌను గానీ, ప్యాంటు గానీ, అంచుల లోపల రెండు వేళ్ల గుడ్డ ఎక్కువ మడిచి కుడతం. పిల్ల పెరుగుతది, ఒచ్చే ఏడు విప్పి పొడుగు చేసుకోవచ్చు. బయటికి కొలత సరిగ్గనే ఉంటది, లోపల మడత ఉంటది. నాకు ఎవ్వలు చెప్పనక్కర లేదు, చేతులే గట్ల మడుస్తయి. సెయిల్ గూడ చేతులు గట్లనే మడిచినయి. పెరిగే పిల్లది అనుకున్నయో ఏమో, నా చేతులు.

పోయి సెయిల్ తెరిచి అంచు పట్టి చూసిన. మందంగ ఉన్నది. మడత ఎంతుండాల్నని బిడ్డను మెల్లగ అడిగిన. బొటనవేలు అడ్డమంత, మించొద్దు, అంచు బిర్రుగైతె మిగిలినోళ్లకు లేని లాభం ఒస్తది గదా అన్నది. అని నా మొఖం చూసింది. ఒచ్చి తానే వేళ్లు పెట్టి చూసింది. సెయిల్ చుట్టి భుజాన ఏసుకొని మెట్ల దిక్కు నడిచింది.

నేను పోయి తలుపుకు అడ్డం నిలబడ్డ. దాచుడెందుకు, నిలబడ్డ. నాకు కోపం, భయం, నా మీద నాకే అసహ్యం, అన్ని ఒక్కసారే ఒచ్చినయి. ఏడేండ్లు ఎండల ఎండినవు, ఆఖరి ఏడు, రేపటి సంది సరిగ్గ కుట్టి ఇస్త, ఎవ్వలు అడగలే, ఎవ్వలకు అనుమానం లేదు, ముద్ర ఏసింది సారే, ఆయన ఇజ్జత్ గూడ పోతది, ఆయన్ని గూడ బజార్ల పెడతవా అన్న. ఎన్నడు లేంది దాని చెయ్యి పట్టి గుంజిన.

"నువ్వు చెప్పకపోతె ఎవ్వలకు ఎరుక బిడ్డా?"

"నీకెరుక, నాకెరుక. ఇగ ఇంకెవ్వలకు ఎరుక కావాలెనమ్మా?"

గొంతు పెద్దగ చెయ్యలే. కండ్లల్ల నీళ్లున్నయి, భుజాన ఉన్న సెయిల్ మాత్రం దించలే. నేను తలుపు ఇడిచిపెట్టిన.

మీద సార్ గదిల టేపు తీసుడు, సెయిల్ పరుచుడు కింది నుంచి ఇనబడ్డది. నేను మెట్ల మీదనే కూసున్న. నా లోపల ఇంకొక ఆశ ఉండె, దాచను. ఆయనకు నా బిడ్డంటే పానం, పైంగ ముద్ర ఆయనదే, ఏదో ఒకటి చేస్తడనుకున్న. జర సేపటికి ఆయన కిందికి ఒచ్చిండు. శనివారం దాని మూడు పందేలు కొట్టేయాలని క్లబ్బుకు ఫోన్ చేసినట్టు చెప్పిండు. రేపు ఆడాలంటే ఇప్పుడే మడత తీసి సరిగ్గ కుట్టియ్యమన్నడు. నేను నోటికొచ్చింది అన్న. మీకు పిల్లలుంటె తెలుస్తుండె అన్న. ఆ మాట ఇప్పటికి నాకు గొంతుల ముల్లు లెక్కనే ఉన్నది. ఆయన తల ఊపి, టేపు నా మిషన్ మీద పెట్టి, పక్కనే నిలబడి దారం అందించిండు.

ఆదివారం నేను పోలే. మొఖం లేకపోయె. బిడ్డ పోయి ఫస్టు, ఫస్టు, సెకండు ఒచ్చింది. పలక లెక్క నిలబడని మామూలు అంచుతోటి, అందరిసుంటి అంచుతోటి ఒచ్చింది. కొట్టేసిన శనివారంతోటి కలిపి అన్ని కూడితె మళ్ల ఐదోదే అయింది. నాలుగోదానికి, దీనికి ఒక్క పాయింటు తేడా. ఇంటికొచ్చి స్నానం చేసి, అన్నం తిని, తెల్లారేదాక పండుకున్నది. నేను దాని జుట్టుల చెయ్యి పెట్టి కూసున్న.

సోమవారం వార్తలు ఒచ్చినయి. ఈ గల్లీ టైలర్ తప్పుడు కుట్టు కుట్టిందని ఉంటది, నలభై మంది చదువుతరు అనుకుంట తెరిచిన. సార్ అన్నిటికంటె ముందు గిట్ల రాసిండు: "శనివారం ఒక పడవ ఫలితాలు కొట్టేశాం. దాని తెరచాప వెనక అంచు మడత ఎక్కువుంది. సంగతి చెప్పింది ఆ పడవ నడిపిన అమ్మాయే. ముద్ర వేసింది నేను. పొడుగు చూశాను, అడ్డం చూశాను, కుట్టు బాగుందని మురిసిపోయి అంచు మీద వేలు పెట్టలేదు. ఇకమీదట కొలతల పని ఇంకెవరికైనా ఇవ్వండి." దాని కింద మామూలుగనే ఆదివారం గాలి సంగతి, ఎవ్వలదో టోపీ నీళ్లల్ల పడ్డ సంగతి.

నా మాటే లేదు. రెండు మూడుసార్లు చదివిన, లేదు. ఫోన్ పట్టుకొని మీదికి పోయిన. కుట్టింది నేనే, గది గూడ రాయుండ్రి అన్న. అడగాల్సిన మాఫీ గూడ అప్పుడే అడిగిన. ఆయన కుర్చీ జరిపి కూసోమన్నడు.

"అమ్మా, కుట్టడం మీ పని, చూడడం నా పని. పిల్ల పెరుగుతుందనుకుని కుట్టారు. అందులో రాయడానికేముంది?"

ఎనిమిదేండ్లు నా నెత్తి మీదున్న మనిషిని ఆ రోజు సరిగ్గ చూసిన. గసుంటోళ్లు ఉంటరని ఎవ్వలన్న చెప్తె నమ్మకపోదును.

ఈ ఏడు క్లబ్బోళ్లు కొలతల పని ఎవ్వలకిచ్చిన్రంటే, నా బిడ్డకు. చిన్నోళ్ల పందేలకు ఈడు దాటింది గదా, సార్ తన స్టీలు టేపు దానికే ఇచ్చిండు. సెయిల్‌లు చిరిగితె ఇప్పుడు అందరు నా కాడికే తెస్తరు. మొన్న మీర్‌పేట్ పిల్లది ఒకటి కుట్టిచ్చిన, మస్తు పైలంగ, కొలిచి కొలిచి. ఆదివారం కట్ట మీద నా బిడ్డ దాన్ని పరిచింది. పొడుగు చూసింది, అడ్డం చూసింది. తర్వాత మోకాళ్ల మీద కూసొని అంచు పొడుగూత వేలు పెట్టుకుంట పోయింది. నడుమ ఒక కాడ వేలు ఆగింది. టేపు పెట్టింది. జానెడు మేర, గోరంత ఎక్కువున్నది.

"విప్పమ్మా," అన్నది.

ఆ పిల్ల, ఆ పిల్ల నాయన, సార్, క్లబ్బోళ్లందరు చూస్తున్నరు. నాకు ఎప్పటి లెక్క కోపం రాలే. గంత మంది ముందట నా కుట్టు తప్పని నా బిడ్డ చెప్తుంటె, ఇరవై ఏండ్లల్ల నా పనికి అంత ఇజ్జత్ ఎవ్వలు ఇయ్యలేదనిపించింది. సార్ ఒక స్టూల్ తెచ్చి ఏసిండు. కూసొని, తల వంచుకొని, ఒక్కొక్క కుట్టే విప్పిన.