నీళ్ళపొయ్యిలో నిఖిల్ కాకు నోటుపుస్తకం

సముద్రాలు దాటి వచ్చి స్థిరపడ్డ ఈ డ్రోహెడా ఊరి హాల్లో, అక్టోబరు వానకి తడిసిన కోట్ల వాసనని తోసుకుంటూ, ఆవనూనెలో వేగుతున్న వంకాయ ముక్కల ఘాటు వచ్చి ముక్కుకి తగిలేసరికి నాకు ఆకలి వేయలేదు, ఒళ్ళు మండింది. బెంగాలీ డాక్టర్ల కుటుంబాలు చేసుకునే దుర్గాపూజ ఇది. వాళ్ళ భాష వచ్చు గనక ఏటా నన్నూ పిలుస్తారు. ఈసారి గోడమీద నిఖిల్ కాకు ఫొటో, దాని కింద ‘ఋతువుల కవి’ అని పెద్దక్షరాలు.

ఋతువుల కవట.

ఖరగ్‌పూర్‌లో మా క్వార్టర్ల వరసలో పక్కిల్లు ఆయనది, బెంగాలీలో కాకు, అంటే బాబాయి, అని పిలిచేదాన్ని. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళి అక్కడి ఇనుప కార్ఖానాలో గుమాస్తాగా చేరాడు, కాకు అక్కడే ఫిట్టరు. చలికాలం ఖర్జూరబెల్లం కాగే వాసన, అమ్మ ఎండబెట్టిన అప్పడాల మీంచి దూకుతూ మేమాడే ఏడుపెంకులాట, పూజ రోజుల్లో ఆకుదొన్నెల్లో పొగలు కక్కే కిచిడీ, వీటన్నిటి మధ్య ఆయన మెట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తూ, తను కట్టిన కొత్త పద్యం నాచేత అప్పజెప్పించేవాడు. ఎనిమిదేళ్ళ పిల్ల నోట నిలవనిది కార్ఖానా గేటు దగ్గర కూలీల నోట ఏం నిలుస్తుందని ఆయన వాదన. నేను తడబడిన చోటల్లా మాట మార్చేవాడు. యంత్రాల్లో వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళ మీద పద్యాలవి, మబ్బుల మీద కాదు.

సమ్మె మొదలయ్యాక కాకు ఆ పద్యాలు రాసుకున్న నోటుపుస్తకం తెచ్చి నాన్న చేతిలో పెట్టాడు. బెంగాలీ చదవడం రాని తెలుగువాళ్ళ ఇంట్లో పోలీసులు వెతకరని ఆయన నమ్మకం. అమ్మ దాన్ని చింతపండు డబ్బా అడుగున దాచింది. కాకుని పట్టుకెళ్ళిన మర్నాడు, ఆదివారం పొద్దున్నే, నాన్న నీళ్ళపొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఒక్కొక్క కాగితమే చింపి మంటలో వేశాడు. ఆ నీళ్ళతోనే అమ్మ నాకు తలంటింది. కుంకుడు రసం కళ్ళలో పడి ఏడుస్తున్నాననుకుంది.

వారం తిరక్కుండా ఆయన భార్య, మేము కాకిమా అని పిలిచే ఆవిడ, గుమ్మంలో నిలబడి, “పాపకి నోటికొచ్చు కదా, చెప్పమనండి, రాసుకుంటాను” అంది. నాన్న నా వైపు చూడకుండా తెలుగులో అన్నాడు, “నీకేటీ గురుతు నేదని సెప్పు.”

అన్నీ గుర్తున్నాయి. లేవని చెప్పాను.

పిల్లలు గలవాడు, భయస్తుడు అని ఇన్నేళ్ళూ నాన్నని వెనకేసుకొచ్చాను. ఇక వెనకేసుకురాను. జైలు నుంచి వచ్చాక కాకు శరత్తు మీద, వానల మీద తప్ప రాయలేదు. అచ్చయినవి అవే. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

స్టేజీ మీద పిల్లలు మబ్బుల పద్యం చదివి దిగారు. ఆయనదే ఇంకొకటి చెబుతానని నేను లేస్తే, కార్యక్రమం నడిపే అమ్మాయి అదేమిటో అడిగి తెలుసుకుని, “పాలిటిక్స్ వద్దు ఆంటీ, పండగ కదా” అని నవ్వింది. నా కూతురు చెయ్యి పట్టి లాగి, “లీవ్ ఇట్ మమ్మీ, ఇట్స్ గ్రాండ్” అంది. ఈ ఊళ్ళో ‘పర్లేదు’ అనడానికీ గ్రాండే, అన్నీ గ్రాండే. మైకు లేకుండానే మొదలుపెట్టాను. నాలుగు పాదాలు గడగడా వచ్చాయి. ఐదోది రాలేదు. మాట మార్చి అందించడానికి ఆయన లేడు.

“ఇది ఆయన పుస్తకంలో లేదే” అంది ఆ అమ్మాయి.

“లేదు. మా ఇంట్లో కాల్చేశాం” అన్నాను.