పదకొండో నంబరు బండి కట్టిన యేసురత్నం

గిద్దలూరు బస్టాండులో మార్కాపురం బస్సు ఎక్కబోతుండగా ఫోన్ మోగింది. అవతల యేసురత్నం భార్య సుగుణమ్మ. "అన్నా, మీ తమ్ముడు పోయినాడన్నా" అన్నది. యేసురత్నం నన్ను అన్నా అనే పిలిచేవాడు. రెండు రోజుల కిందటే అతని ఎదురుగా కూర్చుని టీ తాగి వచ్చాను. పదకొండో నంబరు బండికి వచ్చే వారం రంగు వేస్తానని చెప్పిన మనిషి. పొద్దున లేచి, మంచినీళ్లు తాగి, ఛాతీ పట్టుకుని మంచం మీద కూర్చున్నవాడు మళ్లీ లేవలేదట. యాభై ఆరేళ్లు పోదగ్గ వయసు కాదు. బస్సులో కూర్చున్నాను కానీ మార్కాపురం ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు.

కూరగాయల మార్కెట్ వెనక సందులో కట్టుడు పండ్ల సెట్లు తయారుచేసే యేసురత్నం ఈ ఊళ్లో వందల నోళ్లకు తెలుసు. పంటి డాక్టర్లు కొలతలు పంపితే అతడు మైనంతో అచ్చు తీసి, గులాబి రంగు పొడి కలిపి, ఉడికించి, సానబట్టి పంపేవాడు. అది అతని జీవనం. అదే బల్ల మీద, అదే పనిముట్లతో, మిగిలిన వేళల్లో అతడు పందెం కార్ల నమూనాలు కట్టేవాడు. అసలు కారులో ఇరవై నాలుగో వంతు. అరచేతిలో ఇమిడేవి. కొనకనమిట్ల దగ్గర పల్లెలో కూలిపని చేసుకునే కుటుంబంలో పుట్టి, మోపెడ్ తప్ప మరో బండి ఎక్కని మనిషి, ఒక్క పందెమైనా కళ్లారా చూడని మనిషి, ఈ విద్యను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పాత పత్రికల్లో బొమ్మలు చూసి, ఆ తరువాత ఫోనులో చూసి, తనకు తానే నేర్చుకున్నాడు.

అతని అద్దాల బీరువాలో పంతొమ్మిది కార్లు ఉన్నాయి. పొగగొట్టాలు ఇంజెక్షన్ సూదులు. రేడియేటర్ జాలి టీ వడకట్టుకునే జల్లెడ ముక్క. సీటు పట్టీలు సుగుణమ్మ కుట్టుమిషన్ కింద రాలిన రిబ్బను. కారు తయారయ్యాక మెత్తని పలకరాతి పొడిని కుంచెతో చక్రాలకూ అడుగుభాగానికీ అద్దేవాడు. నిగనిగలాడే వస్తువును అట్లా మురికి చేయడమెందుకని అడిగాను. "కడిగిపెట్టిన కారు షోరూములో చూసుకోవచ్చులే అన్నా. నాకు పందెం అయిపోయి వచ్చిన కారు కావాల" అన్నాడు.

ఒకసారి నేను అక్కడ ఉండగా కొమరోలు నుంచి ఒక అవ్వ తన పండ్ల సెట్టు కోసం నేరుగా అతని దగ్గరికే వచ్చింది. స్టవ్ మీద గిన్నెలో ఆమె పండ్ల అచ్చు పక్కనే మరో చిన్న అచ్చు ఉడుకుతోంది.

"నా పండ్ల పక్కన అదేందిరా ఉడకబెట్టినావు?"

"చక్రాలవ్వా."

"చక్రాలా? నాకు పండ్లు పెట్టి కూర్చోబెడతావా, చక్రాలు పెట్టి ఉరికిస్తావా?"

"రెండూ పెడతాలే. కొమరోలుకు బస్సు ఖర్చు మిగులుతాది నీకు."

అవ్వ బోసినోటితో నవ్విన నవ్వుకు సందులో పోయేవాళ్లు ఆగి చూశారు.

మా పరిచయం కూడా పండ్లతోనే మొదలైంది. మా కుటుంబానికి ఒకప్పుడు పలకల గని ఉండేది. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దుకున్న పెద్దలకు మా ఇంటిపేరు చెప్పనక్కరలేదు. ఆ గని ఇప్పుడు మా చిన్నాయన కొడుకులది. ఎట్లా పోయిందో చెప్పుకోవడం నాకు అలవాటు లేదు. గని ఉన్న రోజుల్లో మా నాయన ఒక పాత కారును విప్పించి, ఒక్కరే కూర్చునే పందెం కారుగా కట్టించుకుని, మద్రాసు దగ్గర జరిగే పందేల్లో తోలారు. గెలవలేదు. చివరిదాకా తోలారు. ఆ కారు ఎప్పుడో ముక్కలుగా అమ్ముడుపోయింది. మిగిలింది ఒక్క నలుపు తెలుపు ఫొటో. అందులో నాయన కారు పక్కన నిలబడి ఉంటారు. కారు మీద నంబరు పదకొండు, రెండు నిలువు గీతలు.

ముసలితనంలో నాయనకు పండ్ల సెట్టు సరిచేయించడానికి తీసుకువెళ్లినప్పుడు ఆయన బీరువాలో కార్లు చూశారు. ఒకదాన్ని అడిగి తీసుకుని తిరగేశారు. అడుగున, ఎవరికీ కనిపించని చోట, గేరు కడ్డీలు కూడా ఉన్నాయి.

"ఇవి ఎవరు చూస్తారని పెట్టినావు నాయనా?" అన్నారు.

"మీరు చూసినారు గదా పెద్దాయనా!"

ఆ రోజు నాయన గంటసేపు తన కారు గురించి మాట్లాడారు. కారుది ఎర్రరంగనీ, పొగగొట్టం పక్కగా బయటే ఉండేదనీ, ఒక పందెంలో దాన్ని తగిలి చెయ్యి కాలిందనీ చెప్పారు. ఏ చెయ్యి అని యేసురత్నం అడగలేదు. నాయన ఎప్పుడూ పొడుగు చేతుల చొక్కా వేసుకునేవారు కనుక మచ్చ కనిపించనూ లేదు.

నాయన పోయిన తరువాత అతడే మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, "పెద్దాయన బండి నేను కడతానన్నా, ఫొటో ఇయ్యి" అన్నాడు. సంవత్సరీకం నాటికి ఇస్తానన్నాడు. నేను ఆ మాట బంధువులందరికీ చెప్పాను. మా చిన్నాయన కొడుకులకు ప్రత్యేకంగా చెప్పాను. వాళ్లకు చూపించడానికి నా దగ్గర వేరే ఏమీ లేదు.

సంవత్సరీకానికి రెండు రోజుల ముందు రమ్మని కబురు చేశాడు. బల్ల మీద ఎర్రగా మెరుస్తూ నాయన కారు. అతని ముఖం మాత్రం బాగా లేదు.

"సుగుణ ఒక మాట అనిందన్నా. ఫొటోలో పెద్దాయన చొక్కా జేబు కుడిపక్క ఉంది. మగవాళ్లకు ఎడమపక్క గదా కుడతారు?"

"కొందరు కుడిపక్క కూడా కుట్టించుకుంటారులే" అన్నది సుగుణమ్మ మిషన్ దగ్గర నుంచి.

"అదే నా అనుమానం. స్టూడియోవాళ్లు ఫిల్మును తిరగేసి ప్రింటు తీసినారేమో. నంబరు పదకొండు, ఎట్ల తిప్పినా పదకొండే. అదే నిజమైతే నా బండంతా తిరగబడినట్టే. ఈ గొట్టం కుడిపక్క రావాల. అన్నా, పెద్దాయనకు కాలింది ఏ చెయ్యి?"

చిన్నప్పుడు నాయన కుడిచేతి మచ్చ మీద వేలు పెట్టి ఆడుకున్నవాణ్ని నేను. నిజం చెబితే ఎల్లుండికి కారు ఉండదు. "ఎడమ చెయ్యి" అన్నాను.

అతడు నా వైపు చూశాడు. "అయితే సరే అన్నా" అని కారును పెట్టెలో సర్ది ఇచ్చాడు.

సంవత్సరీకం నాడు ఆ కారు నాయన ఫొటో ముందు ఉంది. వచ్చినవాళ్లందరూ దాని చుట్టూ మూగారు. యేసురత్నం తెల్లచొక్కా వేసుకుని వాకిలి దగ్గర నిలబడ్డాడు. అప్పుడు మా మేనత్త, ఎనభై నాలుగేళ్ల మనిషి, కర్ర పట్టుకుని వచ్చి వంగి చూసింది.

"ఈ గొట్టం ఈపక్క ఉందేంది? మా తమ్మునికి కాలింది కుడిచెయ్యి గదా! నెలరోజులు వెన్న పూసింది నేనేనాయె."

అందరూ నా వైపు చూశారు. నేను నోరు తెరిచేలోగా, నిజానికి తెరిచేవాణ్నో కాదో, వాకిలి దగ్గర నుంచి గొంతు వినిపించింది.

"తప్పు నాదే పెద్దమ్మా. ఫొటో తిరగబడి ఉంది. నేను చూసుకోలేదు."

మా చిన్నాయన పెద్దకొడుకు నవ్వాడు. "పండ్లు కట్టేటోనితో కార్లు కట్టిస్తే ఇట్లే ఉంటాది."

"నిజమేనన్నా. పండ్లయితే కుడి ఎడమ చూసుకునే కడతా. లేకుంటే నాలుక ఊరుకోదు" అన్నాడు యేసురత్నం, తానూ నవ్వుతూ.

అతని ముప్పై ఏళ్ల పనితనం మీద నలుగురూ నవ్వుతుంటే నేను వడ్డన చూసే నెపంతో లోపలికి వెళ్లాను. భోజనమయ్యాక గేటు దాకా సాగనంపాను. నా అబద్ధం అతనికి తెలిసిపోయిందని నాకు తెలుసు. "పెద్దమ్మ చెప్పడం మంచిదైందన్నా. ఇంకోటి మొదలుపెడతా" అని మాత్రమే అన్నాడు.

ఆ తరువాత రెండేళ్లు వారం వారం అతని దగ్గరికి వెళ్లాను. కొత్త కారుకు గరుకు కాగితంతో నునుపు పట్టే పని నాకే ఇచ్చేవాడు. పక్కపక్కనే కూర్చునేవాళ్లం. క్షమించమనే మాట ఎన్నోసార్లు అనబోయి, గరుకు కాగితం మరో ముక్క చింపుకున్నాను. మా ఇంట్లో ఎవరూ ఆ మాట అనగా నేను వినలేదు. ఇది సంజాయిషీ కాదు, జరిగింది చెబుతున్నాను. అతడు ఒక్కసారైనా ఎత్తిపొడవలేదు. ఎవరి నోటికి ఏది సరిపోతుందో తెలిసిన మనిషి, నా నోటి సంగతీ తెలుసుకుని ఊరుకున్నాడు.

సమాధి కార్యక్రమం ముగిసిన సాయంత్రం సుగుణమ్మ ఆ కారును నా చేతికిచ్చింది. గొట్టం కుడిపక్క ఉంది. గేరు కడ్డీలు ఉన్నాయి. సీటుకు పట్టీలు ఉన్నాయి. రంగు లేదు.

నిన్న ఆ కారు పట్టుకుని మా చిన్నాయన ఇంటికి వెళ్లాను. గని చేతులు మారిన నాటి నుంచి ఆ గడప తొక్కలేదు. పెద్దకొడుకు ఎదురొచ్చి, "ఏందన్నా, ఇట్ల వచ్చినావు?" అన్నాడు. నిలబడే చెప్పాను. యేసురత్నం నన్ను అడిగాడని, నేను తెలిసీ తప్పు చెప్పానని. పెద్దకొడుకు కారును తిప్పి తిప్పి చూశాడు. "ఆ పొద్దు నేను ఆయన్ను చూసి నవ్వితినే" అన్నాడు. తరువాత, "రంగు వేయిద్దామా? ఒంగోలులో మంచి పెయింటర్లు ఉన్నారు" అన్నాడు. వద్దన్నాను.

ఆనాడు మా ఇంట్లో ఆ నవ్వులో కలిసినవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. అందరి ఇళ్లకూ వెళ్లలేను కనుక ఇక్కడ రాస్తున్నాను. యేసురత్నం పనిలో తప్పు లేదు. తప్పు నాది. అతడు బతికి ఉండగా, ఆ బల్ల దగ్గర, అతని ముఖం చూసి చెప్పవలసిన మాట ఇది. నేను చేసిన ఆలస్యాన్ని నేనే మోయాలి. నాయన ఫొటో ముందు ఇప్పుడు రంగు లేని కారు ఉంది. అది అట్లాగే ఉంటుంది. దానికి రంగు వేయదగిన చెయ్యి ఈ నేలలో నిద్రపోతోంది.