అంగుళం ఉప్పు

మా తాతయ్యకు ఒకే ఒక్క జబ్బు. హోటల్లో వంక పెట్టకుండా ముద్ద మింగలేడు. మొదటి చెంచా నోట్లో పెట్టుకుంటాడు, కళ్లు మూసుకుంటాడు, రెండు క్షణాలు ఆగుతాడు. ఆ తరవాత వీధి చివర బస్సు తోలేవాడికి కూడా వినపడేలా ఒక కేక వేస్తాడు.

నలభై ఏళ్లు దర్జీ పని చేసిన మనిషి కాబట్టి ఆ కేకలన్నీ కొలతల్లోనే వచ్చేవి. ఉప్పు తక్కువైతే వదులు, ఎక్కువైతే బిగుతు.

"మాస్టరూ! సూపు వదులుగా ఉంది. ఓ అంగుళం ఉప్పు బిగించు!"

మర్నాడు ఇంకో రకం. "మాస్టరూ! ఈ గుమ్మడికాయ చంకల్లో పట్టేస్తోంది. ఇది తిని చేతులెత్తితే చిరిగిపోతాను!"

ఆ హోటలేమీ గొప్పది కాదు. తాళాలు బాగుచేసే కొట్టుకూ లాండ్రీకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. తొమ్మిది బల్లలు, అందులో ఒకటి కుంటిది. మెనూ కార్డు లేదు, గోడమీద నల్లబల్లే మెనూ. కాలం మారి మార్కెట్లోకి కొత్త కూరగాయలు దిగగానే ఓనరమ్మ పాతవన్నీ తుడిచేసి కొత్తవి రాస్తుంది. బఠాణీల సూపు మీద నేను మనసు పారేసుకున్న వారానికే అది బల్లమీంచి మాయమైంది.

పన్నెండింటికి తెరుస్తారు. తాతయ్య పావు తక్కువ పన్నెండుకే నన్ను వెంటేసుకుని షట్టరు ముందు నిలబడేవాడు. మొదటి బల్ల ఆయనది, మొదటి గిన్నె ఆయనది, మొదటి కేకా ఆయనదే. వంట మాస్టరు మెతక మనిషి. వంటగది కిటికీలోంచి తల ఊపి, గిన్నెడు కాదు, కుండకు కుండే మళ్లీ పొయ్యి మీద పెట్టేవాడు. అది చూసి పక్క బల్ల పోస్టాఫీసు గుమాస్తాకు కడుపు రగిలిపోయేది.

"పెద్దాయనా, అంత నచ్చకపోతే వేరేచోట తినొచ్చుగా?"

"నచ్చినచోట తినడానికి నాకేమైనా పిచ్చా? అక్కడ అనడానికేం ఉంటుంది?"

ఓనరమ్మ ఊరుకునేది కాదు. "మీ నోటికో తాళం వెయ్యమని పక్క కొట్టాయన్ని పిలుస్తానుండండి."

"పిలువమ్మా. ఆయన వచ్చేలోపు కూర సంగతి చెప్పేస్తా."

ఇదంతా వింటే మా అమ్మకు ఒళ్లు మండేది. "మొన్న నేను కూరలో ఉప్పు వెయ్యడమే మరిచిపోతే మీ తాతయ్య మారడిగి మరీ తిన్నారు. ఆ మాస్టరు ఏం పాపం చేశాడే?"

"నీ వంట మీద ఆయన ఎప్పుడో ఆశ వదులుకున్నాడులే" అన్నాను. వీపు మీద ఒకటి పడింది. అప్పుడు నాకు బుర్ర వెలగలేదు. పదో తరగతి గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చిన బుర్ర, దాన్నేమనీ లాభం లేదు.

ఇలా ఉండగా తాతయ్యకు పన్ను పీకారు. చెంప బన్నులా పొంగింది. గట్టిగా మాట్లాడొద్దు, కారం ఉప్పు ముట్టొద్దు అన్నాడు పళ్ల డాక్టరు. మూడు రోజులు మంచం దిగలేదు. హోటలుకు కాస్త మనశ్శాంతి దొరికిందిలే అనుకున్నాను.

మూడో రోజు అటుగా వెళ్తుంటే ఓనరమ్మ గుమ్మంలోనే దిగాలుగా నిలబడి ఉంది.

"మీ తాతయ్య రాకపోవడమేమో గానీ, మూడు రోజుల్లో పదకొండు ప్లేట్లు తిరిగొచ్చాయే! ఒకటి ఉప్పు కషాయం, ఒకటి చప్పిడి. రేపు కొత్త మెనూ. రేపు కూడా ఇంతే అయితే మాస్టర్ని మార్చక తప్పదు. పన్నెండేళ్లుగా ఉన్న మనిషి, ఆ మాట అనడానికి నాకు నోరు రావడం లేదు."

ఇంటికెళ్లి తాతయ్యకు దీన్ని జోకులా చెప్పాను. "నువ్వు సెలవు పెట్టేసరికి ఊరంతా వంకలు పెట్టడం నేర్చుకుంది!"

ఆయన నవ్వలేదు. లేచి కూర్చున్నాడు.

"రేపు నువ్వెళ్లు" అన్నాడు వాచిన నోటితో.

"ఎందుకు?"

"అరవడానికి."

అప్పుడు చెప్పాడు. ఎండాకాలంలో మాస్టరుకు జ్వరం వచ్చి తగ్గింది కదా, మళ్లీ పనిలోకొచ్చిన రోజు గరిటెతో సూపు రుచి చూసి 'బ్రహ్మాండం' అనడం తాతయ్య కిటికీలోంచి చూశాడట. తీరా తన గిన్నె వస్తే అందులో ఉప్పుకు బదులు చక్కెర ఉందట.

"జ్వరంతోపాటు వాడి నాలుక కూడా పోయిందే. పాత వంటలైతే చేతి అలవాటు మీద కొంతవరకు నెట్టుకొస్తాడు. మెనూ మారితే చేతికి కూడా దారి తెలియదు."

"ఆ సంగతి ఆయనకు చెప్పకపోయావా?"

"వంటవాడితో నీ నాలుక పోయిందనడం, దర్జీతో నీ కళ్లు పోయాయనడం ఒకటే. నన్నొకరు అన్నారు. ఆ మాట నాకింకా అరగలేదు."

"అందుకని రోజూ తిట్టావా?"

"ముసలాడు తిడితే ఎవడు పట్టించుకుంటాడే? వాడికి కొలత అందుతుంది, జనానికి కాలక్షేపం అవుతుంది."

మర్నాడు పావు తక్కువ పన్నెండుకు షట్టరు ముందు నేనొక్కదాన్నే నిలబడ్డాను. తెరవగానే వెళ్లి తాతయ్య బల్ల దగ్గర కూర్చున్నాను. నల్లబల్ల మీద మూడు కొత్తవి: క్యారెట్ సూపు, పుట్టగొడుగుల కూర, కాల్చిన చేప. మాస్టరు కిటికీలోంచి నన్ను చూశాడు, నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూశాడు, ఎవరూ లేరని తెలిసి ముఖం వేలాడేశాడు. ఓనరమ్మ చేతులు కట్టుకుని నా బల్ల పక్కనే నిలబడింది.

సూపు నోట్లో పెట్టుకున్నాను. ఉప్పుకు కళ్లలోంచి నీళ్లు కారాయి. ఇది ఇలాగే జనం ముందుకెళ్తే మాస్టరు పని అయిపోయినట్టే. కళ్లు మూసుకుని కేకేశాను.

"మాస్టరూ! సూపు మరీ బిగుతు! బొత్తాలు ఎగిరిపోతున్నాయి!"

లాండ్రీ ఆయన వచ్చి తొంగిచూశాడు. కిటికీలోంచి మాస్టరు తల బయటికొచ్చింది. తాతయ్య ఇన్నాళ్లు అరిచినా ఒక్కనాడూ బదులు చెప్పని మనిషి అడిగాడు:

"ఎన్ని అంగుళాలమ్మా?"

"రెండు వదలండి! కాదు, రెండున్నర!"

పుట్టగొడుగులు వచ్చాయి. "వదులు! ప్యాంటు నడుం మీద ఆగడం లేదు!" సరిచేసి మళ్లీ తెచ్చారు. "ఇంకొక్క కుట్టు!" చేప వచ్చింది. ముల్లుతో సహా మింగబోయాను, అంత బాగుంది. ఏమనాలో తెలియక "ఇది ఎవరికి కుట్టారో గానీ నాకు సరిపోయింది!" అన్నాను.

"విత్తు ఒకటేస్తే చెట్టు ఇంకొకటి మొలుస్తుందా!" అని ఓనరమ్మ నెత్తి కొట్టుకుంది.

ఒంటిగంటకు ఆఫీసుల జనం వచ్చిపడ్డారు. ఓనరమ్మ ప్లేట్లు కడిగే తొట్టి దగ్గర నిలబడి వచ్చిన ప్రతి ప్లేటులోకీ తొంగిచూసింది. మొదటిది ఖాళీ. రెండోది ఖాళీ. పోస్టాఫీసు గుమాస్తా ప్లేటయితే కడగకుండానే బీరువాలో పెట్టెయ్యొచ్చు. రెండున్నరకు ఆవిడ కుర్చీలో కూలబడి, "అమ్మయ్య! మాస్టరూ, ఇంకో పన్నెండేళ్లు ఎక్కడికీ కదలకండి" అంది. కిటికీ వెనక గరిటె చప్పుడు ఆగిపోయింది. మాస్టరు తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. పొగ వల్లేనట.

సాయంత్రం ఆయన మా ఇంటికొచ్చాడు, మూత గిన్నెలో మెత్తటి జావతో. అందులో ఉప్పు వెయ్యలేదు. గిన్నెను తాతయ్య మంచం పక్కన పెట్టాడు.

"పెద్దాయనా, మీకో మాట చెప్పాలి. ఆ జ్వరం తరవాత నాకు రుచి తెలియడం లేదు. భయపడి దాచాను. ఇవాళ పొద్దున నిమ్మకాయ కోస్తుంటే నాలుక చివర చురుక్కుమంది. మెల్లగా వస్తుందంటున్నాడు డాక్టరు. ఓనరమ్మకు కూడా రేపు చెప్పేస్తాను."

తాతయ్య కనుబొమ్మలు నడినెత్తికెక్కాయి. "ఏమిటీ! నాలుక పోయిందా? మరి చెప్పవేమయ్యా! నేను నీకు పొగరనుకుని ఇన్నాళ్లూ తిట్టానే!"

మాస్టరు ఆ ముఖంలోకి చాలాసేపు చూశాడు. "పొగరే అనుకోండి" అని, చిన్నగా నవ్వి వెళ్లిపోయాడు.

తలుపు వెయ్యగానే తాతయ్య నా వైపు తిరిగాడు. "ఏమే, నమ్మాడంటావా? నేను బాగా నటించానా?"

"ఏం బాగు? ఆశ్చర్యం ఎక్కువైంది. పిల్లి కూడా నమ్మదు."

తాతయ్య పకపకా నవ్వాడు. వాచిన చెంప సలిపి "అమ్మో" అన్నాడు. చెంప పట్టుకుని మళ్లీ నవ్వాడు.